ఎవరూ ఎత్తకుండా అమలాపురం

కోనసీమకు బయల్దేరేవాళ్ళు మామూలుగా చెప్పే కారణాలేవీ నాకు లేవు. కొబ్బరితోటల్లో ఫొటోలు దిగాలనీ, గోదావరి పాయలో పడవెక్కాలనీ నాకు సరదా లేదు. పడవంటే నాకు భయం కూడాను. కాకినాడలో వికలాంగులకు కంప్యూటర్ నేర్పే ఒక చిన్న శిక్షణకేంద్రంలో నేను పాఠాలు చెబుతాను. నాకూ చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు పోయింది. కాలికి ఇనపపట్టీల కాలిపర్, చేతిలో ఒక కర్ర, ఇదీ నా వాహనం. మా దగ్గర డీటీపీ నేర్చుకుని వెళ్ళిన సువార్త అనే అమ్మాయి కిందటి వానాకాలం చివర్లో ఒకరోజు ఫోన్ చేసి, "సార్, మీరొక్కసారి మా ఊరు రావాలండి, సాక్షిగా" అంది. రిజిస్టరు పెళ్ళేమో అనుకుని "అబ్బాయెవరమ్మా?" అన్నాను. పకపకా నవ్వింది. "అబ్బాయెవరూ లేడండి. అమలాపురంలో ఉద్యోగం ఉంది, గది ఉంది. అమ్మ ఒప్పుకోవాలి, అంతే" అంది.

సువార్తకు రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. వయసు ఇరవై నాలుగు. చదునుగా ఉన్న చోట రెండు కాలిపర్లూ బిగించుకుని, రెండు కర్రల మీద నెమ్మదిగా నడుస్తుంది. మెట్లొస్తే మాత్రం వెనక్కి తిరిగి మెట్టు మీద కూర్చుని, చేతులతో శరీరాన్ని పైకి లేపుకుంటూ ఒక్కో మెట్టూ జరుగుతుంది. మా కేంద్రంలో నేర్చుకున్న విద్య అది. ఇంట్లో దాని అవసరం రానివ్వలేదు వాళ్ళమ్మ గ్రేసమ్మగారు. ఆవిడ మలికిపురంలో లెక్కల టీచరు. భర్త పోయినా, ఉద్యోగం చేసుకుంటూ, కూతుర్ని చంకనెత్తుకుని బడికి తీసుకెళ్ళి, చంకనెత్తుకుని ఇంటికి తెచ్చి డిగ్రీ దాకా చదివించారు. ఇప్పుడు ఆ కూతురు అమలాపురంలో ఒక డీటీపీ షాపులో పని చూసుకుని, అక్కడే గది తీసుకుని ఒక్కతే ఉంటానంటోంది. గ్రేసమ్మగారు ఒక షరతు పెట్టారు. ఆ షరతుకు సాక్షిని నేను.

నాలాంటి కర్రల మనుషులు ఈ దారిన వెళ్ళాలనుకుంటే పనికొస్తుందని దారి వివరంగా రాస్తున్నాను. కాకినాడ నుంచి యానాం మీదుగా అమలాపురానికి బస్సులు తరచుగానే ఉంటాయి. టిక్కెట్టు ముప్ఫై రూపాయల లోపే. వికలాంగుల రాయితీ కార్డుంటే అందులో సగం. యెదుర్లంక వంతెన కట్టాక పంటు పడవ మీద గోదావరి దాటే బాధ తప్పింది. వెనకటికి రేవులో ఆ ఇసకలో కర్ర దిగబడి, దాన్ని పీక్కునేసరికి నా తలప్రాణం తోకకొచ్చేది. అమలాపురంలో దిగి రాజోలు బస్సెక్కాను. ఎక్కానంటే నేనెక్కానని కాదు, ఎక్కించారు. నా కర్ర కనపడగానే ఒకాయన రెక్క పట్టుకున్నాడు, ఇంకొకాయన వీపు మీద చెయ్యేసి తోశాడు, ముందు సీట్లో పెద్దాయన లేచి నన్ను భుజాలు పట్టి కూర్చోబెట్టాడు. "జాగ్రత్తండీ, జాగ్రత్తండీ" అని నలుగురూ అన్నారు. వాళ్ళు పట్టుకోకపోతే నేను జాగ్రత్తగానే ఎక్కేవాణ్ణి. ఇక్కడ సాయం కావాలా అని అడిగేవాళ్ళు తక్కువ, చేసేసేవాళ్ళు ఎక్కువ. నాకు అసలే ముక్కు మీద కోపం. కానీ ఇంత మర్యాదగా మాట్లాడే మనుషుల మీద కోప్పడ్డం ఎలాగో నాకింతవరకు తెలీలేదు.

రాజోలు బస్టాండు దగ్గర లాడ్జిలో నేలమట్టానికున్న గది దొరికింది, నూట యాభై. మర్నాడు పొద్దున్నే షేరాటోలో మలికిపురం చేరాను. సంతవీధి వెనకాల చిన్న డాబా ఇల్లు. గుమ్మం ముందు మెట్ల బదులు సిమెంటు వాలు, ఆ వాలు పక్కన సువార్త మూడుచక్రాల బండి. గ్రేసమ్మగారు నన్ను కూర్చోబెట్టి పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు పెట్టారు, అల్లప్పచ్చడితో. "తినండి మాష్టారూ, చల్లారితే బాగోవు" అని, నేను రెండోది నోట్లో పెట్టుకోగానే అడిగారు. "సాక్షికి మిమ్మల్నే ఎందుకు పిలవమన్నానో తెలుసాండీ?"

తెలీదని తల ఊపాను.

"మీరయితే దాన్ని ఎత్తలేరు కాబట్టి."

నోట్లో పొట్టిక్క ఉండబట్టి సరిపోయింది.

"కోపం తెచ్చుకోకండి. మా మరిదిగారబ్బాయిని పంపేననుకోండి. బస్సు రాగానే దీన్ని రెండు చేతుల మీద ఎత్తి లోపల కూచోబెట్టేసి, సాయంత్రం వచ్చి 'తనే ఎక్కింది పెద్దమ్మా' అంటాడు. మీరు ఎత్తలేరు, అబద్ధమాడరు. నాకు ఆ రెండూ చాలు."

షరతేమిటో స్పష్టంగా చెప్పమన్నాను. నాకూ పద్ధతి కావాలి. ఆవిడ బోర్డు ముందు నిలబడ్డట్టే చెప్పారు. "ఈ గుమ్మం దాటింది మొదలు మళ్ళీ ఈ గుమ్మంలోకొచ్చేదాకా దాన్ని ఒక్కరు కూడా ఎత్తకూడదు. చెయ్యందిస్తే పట్టుకోవచ్చు. కర్ర అందిస్తే తీసుకోవచ్చు. ఎత్తేరా, ఇక ఆ గది మాట ఈ ఇంట్లో వినపడకూడదు."

"ఆయ్, అలాగే" అంది సువార్త లోపలి గదిలోంచి. కాలిపర్ల తోలుపట్టీలు బిగించుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇంత పట్టుదల ఎందుకండీ? అందరూ సాయం చేసేవాళ్ళేగా" అన్నాను, కొంచెం ఆవిణ్ణి కదిలిద్దామనే. గ్రేసమ్మగారు గొంతు తగ్గించారు. "మీరు మగవారు మాష్టారూ. మిమ్మల్ని పట్టుకుంటే మీకు విసుగొస్తుంది, అంతే. ఆడపిల్లని ఎత్తేవాళ్ళు ఎలా ఎత్తుతారో, ఎక్కడెక్కడ పట్టుకుంటారో నేను చూశాను. పదిమందిలో మంచోళ్ళు తొమ్మండుగురే ఉంటారనుకోండి, ఆ పదోవాడు ఎవడో దీనికెలా తెలుస్తుంది? నేనున్నచోట నేను ఎత్తుతాను. నేను లేనిచోట ఇది ఎవరి చేతుల్లోకీ వెళ్ళకూడదు. అలా తిరగగలిగితే అమలాపురమేం ఖర్మ, హైదరాబాదు వెళ్ళమనండి." మిగిలిన పొట్టిక్క తినేసి కర్ర అందుకున్నాను.

ఎనిమిదింటికి బయల్దేరాం. బండి చేత్తో తిప్పుకుంటూ సువార్త ముందు, కర్ర టకటకలాడించుకుంటూ నేను వెనక. సెంటర్లో ఒక కొబ్బరికాయల కొట్టు ముందు బండి వదిలేసి, కర్రల మీద నిలబడి, రాజోలు వెళ్ళే ఆటో ఆపింది. డ్రైవరు చటుక్కున దిగి రెండు చేతులూ చాపాడు. "ఉండమ్మా ఉండమ్మా, నేనెక్కిస్తాను." సువార్త చిన్నగా నవ్వి, ఆ చాపిన చేతుల్లో తన రెండు కర్రలూ పెట్టేసింది. "ఇవి పట్టుకో బాబాయ్, పడేశావంటే నేనింక ఇంటికెళ్ళలేను" అంది. అతను వాటిని దీపాలు పట్టుకున్నంత భయంగా పట్టుకుని నిలబడ్డాడు. ఈలోగా ఆమె ఆటో అంచు మీద కూర్చుని, లోపలి కడ్డీ పట్టుకుని జరిగి సీట్లోకి చేరింది. దారిలో నా చెవిలో చెప్పింది. "సాయం చేస్తానన్న చేతికి ఏదో ఒక పని అప్పజెప్పాలి సార్. ఖాళీగా ఉంటే నన్నే పట్టుకుంటుంది." ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, నాకెప్పుడూ తట్టలేదిది.

రాజోలు బస్టాండులో ఆ ఉపాయం పారలేదు. వచ్చిన బస్సు ఎక్కడినుంచో వస్తున్నది, అప్పటికే నిండుగా ఉంది. సువార్త ఒకాయనకు కర్రలిచ్చింది, ఇంకొకరికి చేతిసంచి ఇచ్చింది, మూడోవాళ్ళకి నీళ్ళసీసా ఇచ్చింది. పనులు అయిపోయాయి, చేతులు మిగిలాయి. కిటికీల్లోంచి "పట్టుకోండి పట్టుకోండి, పాపం" అని కేకలు. కండక్టరు దిగొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నుదుట కుంకుమబొట్టు, మెత్తని మాట.

"మీకెందుకమ్మా శ్రమ? మేమందరం ఉన్నాంగా, ఒక్క క్షణంలో లోపలుంటారు."

"వద్దండి. నేనే ఎక్కుతాను. కాస్త ఆగండి చాలు."

"ఆగడానికేముందండీ, ఆగుతాం. ఆడపిల్ల అలా మెట్ల మీద కూచుని డేక్కుంటా ఎక్కుతుంటే మేం గుడ్లప్పగించి చూస్తే ఏం బాగుంటుందమ్మా? మమ్మల్ని మనుషులంటారా?"

"మిమ్మల్నెవరూ ఏమీ అనరండి. నేను చెబుతాను."

"మీరు చెప్పినా మా మనసొప్పదండి" అన్నాడతను. నిజంగానే అతని కళ్ళు చెమర్చాయి. అప్పటికే వెనకాలనుంచి ఎవరో ఆమె నడుం దగ్గరికి చెయ్యి తెచ్చారు. ఇంకా రాజోలు దాటలేదు, షరతు ఇక్కడే చిత్తయ్యేలా ఉంది. నేను నోరు తెరిచేలోపే సువార్త పక్కకు జరిగి, కర్రలు వెనక్కి తీసుకుని, "మీరెళ్ళిపోండి, నేను తరవాత బస్సుకొస్తాను" అంది. కండక్టరు ముఖం చిన్నబోయింది.

"కోపమొచ్చిందామ్మా?"

"అయ్యో, లేదండి. మీరు చాలా మంచోరు. అదే నాకు ఇబ్బంది."

బస్సు వెళ్ళిపోయింది. కిటికీల్లోంచి చాలామంది మమ్మల్ని వెనక్కి తిరిగి మరీ చూశారు, మేమే ఏదో వాళ్ళకు చెయ్యకూడని అన్యాయం చేసినట్టు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. సువార్త మాత్రం బెంచీ మీద కూర్చుని మోకాళ్ళ పట్టీలు సర్దుకుంది. "టీ తాగుదామా?" అన్నాను. "ఇప్పుడొద్దు సార్, బాత్రూముకెళ్ళాల్సొస్తే ఇక్కడ నాలుగు మెట్లున్నాయి" అంది. ఈ సంగతి కూడా రాసుకోండి. రాజోలు బస్టాండులో నీళ్ళు తక్కువ తాగాలి.

తరవాత బస్సు రాజోలులోనే బయల్దేరేది. నలుగురైదుగురు తప్ప ఖాళీగా నిలబడి ఉంది, డ్రైవరు దిగువన నిలబడి ఇడ్లీ తింటున్నాడు. ఈసారి సువార్త కండక్టరు దగ్గరికి పోలేదు. నేరుగా డ్రైవరు దగ్గరికెళ్ళి తన పద్ధతేమిటో చెప్పింది. ఎలా కూర్చుంటుందో, ఎలా జరుగుతుందో, ఎంతసేపు పడుతుందో చెప్పింది. ఆయన ఇడ్లీ నములుతూ మొత్తం విన్నాడు. "మీరెక్కి కూచునేదాకా నేను స్టీరింగు ముట్టుకోను. సరేనాండీ?" అన్నాడు. అంతే, ఇంకేమీ అడగలేదు. ఆమె తలుపుకు వీపు తిప్పి, మొదటి మెట్టు మీద కూర్చుంది. ఆ మొదటి మెట్టే ఎత్తు, దానికే ఎక్కువ సమయం పట్టింది. కడ్డీ పట్టుకుని, బిగబట్టి, రెండోది. చెమట కారి కళ్ళల్లోకి పోతోంది. లోపల ముందు సీట్లో ఒక మామ్మగారున్నారు. "నేను చూళ్ళేనమ్మా తల్లీ, ఎవరన్నా పట్టండర్రా" అన్నారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"కళ్ళు మూసుకోండి మామ్మగారూ, అయ్యాక చెబుతాను" అంది సువార్త ఆయాసపడుతూ.

మామ్మగారు నిజంగానే మూసుకున్నారు. సువార్త మూడో మెట్టు, తరవాత బస్సు నేల, తరవాత సీటు కమ్మీ పట్టుకుని లేచి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, కాలిపర్ల తాళాలు తీసి మోకాళ్ళు మడిచింది. "అయిందండీ, తెరవండి" అంది. మామ్మగారు కళ్ళు తెరిచి, ఆమెని చూసి, నన్ను చూసి, "మరి ఈయనెందుకు వెంట?" అని అడిగారు. బస్సులో అందరూ నవ్వారు, నేను తప్ప.

రాజోలు నుంచి అమలాపురానికి గంట పైనే పడుతుంది, టిక్కెట్టు పదిహేనుకు అటూ ఇటూ. తాటిపాక దాటాక నగరం దగ్గర కొబ్బరిచెట్ల మధ్యలో గ్యాసు పైపుల పసుపుపచ్చ బోర్డులు కనిపిస్తాయి. పాశర్లపూడి దగ్గర వైనతేయ మీద వంతెన. వాన నీళ్ళతో ఏరు ఎర్రగా ఉంది. సువార్త కిటికీలోంచి చూడ్డం లేదు. గదిలో పొయ్యి ఎక్కడ పెట్టాలి, నీళ్ళగొట్టం ఎంత పొడుగుండాలి, జీతంలోంచి ఎంత దాస్తే సొంతంగా ఒక కంప్యూటరూ ప్రింటరూ కొనుక్కోవచ్చు, ఇవే మాటలు. పెళ్ళికార్డులు కాదట, పుస్తకాలు కంపోజ్ చెయ్యాలట. "ఒక పుస్తకం వెనకాల 'అక్షర కూర్పు: సువార్త' అని చిన్నక్షరాల్లో ఉండాలి సార్. చాలా చిన్నవైనా ఫర్వాలేదు" అంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం కిటికీలోంచి బయటికి చూసింది.

అమలాపురంలో దిగడం తేలికే అయింది. చివరి స్టాపు కాబట్టి అందరూ దిగాక దిగి, ఆటో మాట్లాడుకున్నాం. ఎర్రవంతెన అవతల ఒక సందులో గది. నేలమట్టానికే ఉంది, ఒకటే గడప. ఇంటావిడ సత్యవతిగారి భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. ఆవిడ ఎంత మంచావిడంటే, మేం కూర్చోకముందే అన్నీ నిర్ణయించేశారు. "నీళ్ళు మా పనమ్మాయి పట్టి పెడుతుంది. అన్నం కూరా నేను పంపిస్తాను. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, వచ్చే వేళకి తీసి ఉంచుతాను. నువ్వు కాలు కింద పెట్టక్కర్లేదమ్మా."

సువార్త మెల్లగా అంది. "అత్తయ్యగారూ, మీ మాటకి చాలా సంతోషమండి. కుళాయికి గొట్టం తగిలించుకుని నీళ్ళు నేనే పట్టుకుంటాను. వంట కింద కూచుని చేసుకుంటాను, మాడినా ఫర్వాలేదు. తాళంచెవి మటుకు నాకే ఇవ్వండి."

"అదేంటమ్మా, నన్ను అంత పరాయిదాన్ని చేసేసేవు?" నొచ్చుకున్నారు సత్యవతిగారు.

"పరాయివారైతే అడుగుతానాండీ? ఇప్పుడు మీరే ఒకటి చేసిపెట్టాలి. ఈ తలుపు గడియ నాకందదు. కింద, ఇదిగో ఇక్కడికి దింపించాలి. బాత్రూములో గోడకి పట్టుకోడానికొక ఇనపకడ్డీ కావాలి. మీ ఊళ్ళో మంచి మేస్త్రి ఎవరో నాకు తెలీదు కదా."

ఆవిడ ముఖం విప్పారింది. "రేపే పిలిపిస్తాను! ఎక్కడా, ఇక్కడా?" అంటూ పెన్సిలు తెచ్చి తలుపు మీద గీత గీశారు. తాళంచెవి కొంగుముడిలోంచి విప్పి ఇచ్చారు, "నా దగ్గరొకటి ఉంటుందమ్మా, ఏ జ్వరమో వస్తే" అని అడుగుతూనే. ఉంచుకోమంది సువార్త. అక్కణ్ణించి గడియారస్తంభం దగ్గర షాపుకు వెళ్ళాం. యజమాని రెండు పేజీలు కొట్టించి చూసి, తప్పులు వెతికి, ఒకటి దొరికినందుకు తృప్తిపడి, ఒకటో తారీఖు నుంచి రమ్మన్నాడు. ఆ పక్కనే ఒక మెస్సులో హాలు రోడ్డు మట్టానికే ఉంది, భోజనం పాతిక రూపాయలు. ములక్కాడ పులుసు బాగుంది. ఆ మధ్యాహ్నం మేమిద్దరం మెట్లన్నమాట లేకుండా తిన్నాం.

తిరుగుప్రయాణానికి అమలాపురంలో బయల్దేరి నేరుగా మలికిపురం వెళ్ళే బస్సు నాలుగున్నరకు దొరికింది. ముందే వెళ్ళి, డ్రైవరుతో మాట్లాడి, ఖాళీ బస్సులో తాపీగా ఎక్కింది సువార్త. ఆ రోజుకి ఒక్క చెయ్యి కూడా ఆమెను ఎత్తలేదు. మామిడికుదురు దగ్గర చిన్న వాన పడి ఆగింది. ఆమె సంచిలోంచి తాళంచెవి తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టడం నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇంక దిగడమొక్కటే మిగిలిందనుకున్నాను.

మలికిపురం సెంటర్లో దీపాలు వెలుగుతున్న వేళకి బస్సాగింది. నేను ముందు దిగి పక్కన నిలబడ్డాను. సువార్త తలుపు దగ్గర బస్సు నేల మీద కూర్చుని, కాళ్ళు కిందికి జార్చి, పై మెట్టు మీదికి దిగింది. తరవాత రెండోదాని మీదికి. అప్పుడు కొబ్బరికాయల కొట్టు ముందు నుంచి గ్రేసమ్మగారు వచ్చారు. బడి నుంచి నేరుగా అక్కడికే వచ్చి, ఎప్పట్నుంచో నిలబడి ఉన్నారట. గొడుగు ఎటో పడేశారు. "అమ్మలూ, వచ్చేసేవా తల్లీ" అంటూ ఒక్క అంగలో మెట్ల దగ్గరికొచ్చి, రెండు చంకల కిందా చేతులేసి, కూతుర్ని లేవదీసి చంకనెత్తుకున్నారు.

అంతా రెప్పపాటులో అయిపోయింది. తల్లి ముఖంలో ఆ క్షణాన ఉన్నది ఒట్టి సంతోషం. ఇరవై నాలుగేళ్ళ కూతురు, ఇనపకాళ్ళు వేలాడుతూ, తల్లి చంకలో ఉంది. కండక్టరు, "అమ్మయ్య, దిగేశారా" అన్నాడు.

సువార్త చాలా మెల్లగా అంది. "అమ్మా. ఏం చేశావు?"

అప్పటికిగానీ గ్రేసమ్మగారికి తెలిసిరాలేదు. ఆవిడ ముఖం పాలిపోయింది. కూతుర్ని అలాగే పట్టుకుని నావైపు తిరిగారు. అడగాలి కాబట్టి అడిగినట్టు అడిగారు. "మాష్టారూ, పొద్దున్నించీ దీన్ని ఎవరైనా ఎత్తేరా?"

నేను సాక్షిని. "ఒక్కరెత్తేరండి" అన్నాను.

"ఎవరు?"

"మీరేనండి. ఇప్పుడే."

సువార్త ఏడ్చింది. పొద్దుటినుంచి ఎక్కడా ఏడవని పిల్ల బావురుమంది. "రోజంతా కాపాడుకున్నాను కదమ్మా. ఒక్క బస్సు వదిలేసుకున్నాను. మంచినీళ్ళు కూడా తాగలేదు. ఒక్క మెట్టు, ఇంకొక్క మెట్టు ఆగలేకపోయావా?" అంది. చుట్టూ జనం పోగయ్యారు. వాళ్ళకు సంగతి తెలీదు, ఏడుస్తోంది కదాని "దెబ్బ తగిలిందా అమ్మా?" అని అడుగుతున్నారు. కండక్టరు "రైట్" చెప్పబోయాడు.

"ఆగండి" అన్నారు గ్రేసమ్మగారు. బడి మొత్తం వినపడే గొంతు. "లెక్కలో ఎక్కడ తప్పు పడిందో అక్కణ్ణించే మళ్ళీ చేస్తారు. మొదట్నించీ చెయ్యక్కర్లేదు. తప్పు కూడా నాది, దానిది కాదు." ఆ మాట ఎవరితో అన్నారో తెలీదు, బహుశా తనతోనే. కూతుర్ని తీసుకెళ్ళి, ఎత్తిన ఆ రెండో మెట్టు మీదే మళ్ళీ కూర్చోబెట్టారు. మూడడుగులు వెనక్కొచ్చారు.

"ఏంటండీ టీచరుగారూ, దింపి మళ్ళీ ఎక్కించేరు? టైమయిపోతోందండి" అన్నాడు కండక్టరు.

"మా అమ్మాయి ఇంకా దిగలేదు బాబూ. దిగుతుంది. ఆగండి."

ఒకాయన పాపమని ముందుకొచ్చాడు. గ్రేసమ్మగారు అడ్డం నిలబడ్డారు. "ముట్టుకోకండి" అన్నారు. తన చేతులు రెండూ చంకల్లో ఇరికించుకుని, పళ్ళు బిగబట్టి నిలబడ్డారు. సువార్త ముక్కు తుడుచుకుని, కడ్డీ పట్టుకుని కింది మెట్టు మీదికి జరిగింది. వాన తడికి చెయ్యి ఒకసారి జారింది. తల్లి ఒళ్ళంతా ముందుకు తూలింది, పాదాలు మాత్రం కదల్లేదు. తరవాత కాలిపర్లు నేలకు ఆనాయి, తాళాలు పడ్డాయి, నేనందించిన కర్రల మీద సువార్త లేచి నిలబడింది. డ్రైవరు వంగి చూసి, "అయిందాండీ?" అని అడిగాడు. "ఆయ్, అయిందండి" అన్నారు తల్లీ కూతురూ ఒకేసారి.

కాకినాడ వచ్చాక దీన్ని రెండుసార్లు రాసి చించేశాను. కోనసీమలో ఆ రోజు మాకు చెడ్డవాళ్ళెవరూ ఎదురుపడలేదు, అందరూ మంచివాళ్ళే. ఒకరు కష్టపడుతుంటే చూస్తూ నిలబడ్డం అమర్యాద అనుకునే మనుషులు. అలా నిలబడాలంటే ఎంత బలం కావాలో నేను గ్రేసమ్మగారిలో చూశాను, నాకంత బలం లేదనిపించింది. ఈ దారిన వెళ్ళే కర్రల వాళ్ళకీ, చక్రాల వాళ్ళకీ నా సలహా ఒక్కటే. దారిలో వచ్చే బస్సు కోసం నిలబడకండి. బస్సు ఎక్కణ్ణించి బయల్దేరుతుందో అక్కడికే కాస్త ముందుగా వెళ్ళి, మీరెలా ఎక్కుతారో డ్రైవరుకు చెప్పి ఎక్కండి.

సువార్త ఒకటో తారీఖున గదిలోకి మారింది. మొదటి ఆదివారం చర్చి అయ్యాక గ్రేసమ్మగారు అమలాపురం వెళ్ళొచ్చి నాకు ఫోన్ చేశారు. ఎలా ఉందండీ అని అడిగాను. "తలుపు కొట్టేను మాష్టారూ. లోపల వేసినా బయటనుంచి తీసే తాళమటండి, సత్యవతిగారి దగ్గర ఇంకో చెవి ఉందట, ఆవిడ తెచ్చి తీయబోయేరు. వద్దన్నాను. లోపల కర్రలు వెతుక్కుంటున్న చప్పుడు, కాలిపర్లు వేసుకుంటున్న చప్పుడు. వచ్చి తియ్యడానికి చాలాసేపు పట్టిందండి" అని, మళ్ళీ తనే "నిలబడ్డాను" అన్నారు.